తొందరపడితే సుళ్లు పుడ్తయి

ఇట్ల రండి పిల్లలూ, చాప మీద కూసోండి. ఇయ్యాల చలి ముచ్చట చెప్త. మన పాలమూరు, నల్లగొండల సంక్రాంతికి వణికించే చలి కాదు. చలికి ఒక అడుగు ఉన్నది, మైనస్ 273.15 డిగ్రీలు. దాని కిందికి పోవుడు ఎవరితోటి కాదు. శాస్త్రవేత్తలు గాలి తీసేసిన పెట్టెలో ఇంత లిథియం ఆవిరిని లేజర్ వెలుగుతోటి పట్టి ఉంచుతరు. ఆ పట్టును సడలిస్తుంటే జోరుగ ఉరికే పరమాణువులు తప్పించుకపోతయి, మిగిలినయి చల్లవడ్తయి. అట్లట్ల ఆ అడుగుకు డిగ్రీలో పదిలక్షో వంతు కూడా ఎడం లేనంత దగ్గరికి పోతరు.

ఈ రకం పరమాణువులను ఫెర్మి అనే శాస్త్రవేత్త పేరు మీద ఫెర్మియాన్లు అంటరు. ఒకే స్థితిల రెండు ఇమడవు. అంత చలిల మాత్రం జతలు కడ్తయి. జతలన్నీ ఒక్కటైతే గ్యాసు రాపిడి లేకుంట పారుతది, సూపర్‌ఫ్లూయిడ్ అయితది. ఇట్లాంటి పరమాణువులను మొదట అంతగనం చల్లవరిచింది అమెరికాల డెబోరా జిన్, 1999ల, పొటాషియంతోటి. 2005ల ఎంఐటీల కెటర్లీ బృందం లిథియం గ్యాసును లేజర్‌తోటి తిప్పితే వరుసగ సుళ్లు లేచినయి. సూపర్‌ఫ్లూయిడ్ అయిందనేటందుకు అదే సాక్ష్యం.

మరి ఎవరూ తిప్పకుంటనే సుళ్లు పుడ్తయా? పుడ్తయి. గబగబ చల్లారిస్తే చాలు.

సద్దుల బతుకమ్మ నాడు చూస్తరు గదా. ఆడోళ్లు నిమ్మళంగ ఒక్కొక్కరే వస్తే, ముందు వచ్చినోళ్ల చప్పట్లు విని వెనకొచ్చినోళ్లు అదే దెబ్బకు కలుస్తరు. ఊరంతా ఒక్కటే తాళం. అదే మబ్బు కమ్మి, వానొచ్చేటట్టున్నదని అందరు ఒక్కపారే ఉరికొస్తే? ఏ వాడోళ్లు ఆ వాడ తాళం మొదలువెడ్తరు. అవతలి చప్పుడు ఇవతలికి చేరే టైము లేదాయె. గుంపులు కలిసే కాడ తాళం చిక్కువడ్తది. గ్యాసుల జతలకు కూడా ఇసుంటి తాళమే ఉంటది. తొందరల తునకతునకకు ఒక తాళం పడ్తది. అవి కలిసే కాడ కొన్ని చిక్కులు విడవక సుళ్లయి నిలుస్తయి. ఫొటోల నల్లటి చుక్కలోలె కనవడ్తయి.

ఈ ఆలోచన 1976ల టామ్ కిబుల్ అనే శాస్త్రవేత్త చెప్పిండు. ఆయన పుట్టింది 1932ల, మద్రాసుల. తండ్రి మద్రాస్ క్రిస్టియన్ కాలేజీల లెక్కల సారు. కిబుల్ అడిగింది గ్యాసు సంగతి కాదు, విశ్వం పుట్టి చల్లారేటప్పుడు ఏమైందని. 1985ల జురెక్ అనే ఇంకో శాస్త్రవేత్త అదే లెక్కను ప్రయోగశాల ద్రవాలకు తెచ్చిండు. 2019ల దక్షిణ కొరియా, సియోల్ నేషనల్ యూనివర్సిటీల శాస్త్రవేత్తలు లిథియం గ్యాసుల సుళ్లు లెక్కవెట్టిన్రు. తొందర పెరిగిన కొద్ది సుళ్లు పెరిగినయి. జతలు గట్టిగ ముడివడ్డా, వదులుగ ముడివడ్డా ఆ పెరిగే తీరు ఒక్కటే. ఎంత ముచ్చటైన సంగతి!

ఎదురెదురు తిరిగే సుళ్లు తగిలితే రెండూ మాయమైతయి. అందుకే జల్ది లెక్కవెట్టాలె. నిమ్మళంగ జరిగిన పని తన దారిని దాచుకుంటది. తొందరల జరిగింది మాత్రం ఎంత తొందరపడ్డదో గుర్తు మిగిలిస్తది. కిబుల్ ఊహించిన అట్లాంటి గుర్తులు ఆకాశంల ఇంకా ఎవరికీ దొరకలే. దొరికిననాడు విశ్వం ఎంత వేగంగ చల్లారిందో వాటినే అడగొచ్చు. అడిగే తీరు ఈ ఇంతంత గ్యాసు నేర్పింది.