మట్టిని పరీక్షించే విద్య

కోయంబత్తూరు, మదురై ప్రాంతాలకు కొన్ని శతాబ్దాల కిందట వలస వచ్చిన తెలుగువారిలో చాలామంది నల్లనేలలను దున్ని పత్తి పండించారు. తెలుగువారు ఆ నేలను రేగడి అంటారు. ఆంగ్లేయులు ఆ మాటనే ‘రెగర్’గా మార్చి తమ గ్రంథాలలో వాడుకొన్నారు.

ఎండకు రేగడి నెర్రెలు విచ్చుతుంది. వానకు ఉబ్బి పూడుకొంటుంది. అందులోని బంకమట్టి రేణువుల పొరల మధ్య నీరు చేరడం, ఆరడం ఇందుకు కారణం. ఇటువంటి కారణాలను వెదికేవారే మృత్తికా శాస్త్రజ్ఞులు.

వారి పని పొలంలోనే మొదలవుతుంది. పలుచోట్ల 15 సెంటీమీటర్ల లోతున గుంటలు తీసి, వాటి అంచుల మట్టిని కలిపి, నీడన ఆరబెట్టి, అరకిలో పరీక్షకు తీసుకొంటారు. గట్టు పక్కన, పెంట కుప్ప వేసిన చోట తీసిన మట్టి పనికిరాదు. పరీక్ష తప్పితే ఎరువు తప్పుతుంది. రైతుకు అప్పు మిగులుతుంది.

ఈ విద్యకు ఓర్పు కావాలి. కోయంబత్తూరు వ్యవసాయ కళాశాలలో 1909లో ఒక ఎరువుల ప్రయోగం ప్రారంభమైంది. ఒక మడికి ఏ ఎరువూ వేయక, మరొకదానికి పశువుల ఎరువు, మరికొన్నింటికి రసాయనిక ఎరువులు వేసి, తరతరాలుగా పంటను తూచి చూస్తున్నారు. కోయంబత్తూరులో వ్యవసాయ రసాయన శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన బి. విశ్వనాథ్ తరువాత ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థకు అధిపతి అయ్యారు.

పన్నెండవ తరగతిలో విజ్ఞాన శాస్త్రాలు చదివినవారు నాలుగేళ్ల బి.ఎస్సీ. వ్యవసాయంలో చేరవచ్చు. 1971లో ఏర్పడిన తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం కోయంబత్తూరులోనే ఉంది. మదురైలోనూ దానికి కళాశాల ఉంది. నేలను ప్రత్యేకంగా చదవడం ఎం.ఎస్సీ.లో. రసాయన శాస్త్రమంటే భయపడేవారికి అక్కడ కొంత కష్టమే. ఆ చదువు ముగించినవారికి భూసార పరీక్షా కేంద్రాలలో, పరిశోధన సంస్థలలో పని దొరుకుతుంది.