ఆపేసిన మందూ చీటీలో ఉండాలి

“నాన్నకు ఆర్నెల్ల టీబీ కోర్సు అయిపోయింది. ఆ మందులే వాడనప్పుడు గుండె డాక్టరుకు ఆ సంగతి చెప్పే పనేముంది?” అని చంద్రపూర్ నుంచి ఒక పాఠకుడు అడిగారు. ఆ తండ్రిగారి గుండెలో కృత్రిమ కవాటం ఉంది, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నారు. చెప్పి తీరాలి. ఎందుకన్నది నాకెంతో ఇష్టమైన కథ.

టీబీ మందుల్లో మూత్రాన్ని ఎర్రబరిచేది రిఫాంపిసిన్. అది క్రిమిని చంపడంతో ఆగదు, కాలేయ కణాల్లోని పీఎక్స్ఆర్ అనే గ్రాహకాన్నీ అంటుకుంటుంది. ఒంట్లోకి వచ్చే పరాయి రసాయనాలను పసిగట్టే కాపలాదారు అది. చాలా గ్రాహకాలు తమకు సరిపోయే అణువునే రానిస్తాయి. దీని గూడు మాత్రం ఎంత విశాలమంటే, రిఫాంపిసిన్ అంత పెద్ద అణువు కూడా పడుతుంది. పట్టగానే పీఎక్స్ఆర్ డీఎన్ఏ మీద కూర్చుని సీవైపీ3ఏ4, సీవైపీ2సీ9 వంటి ఎంజైముల జన్యువులను తట్టిలేపుతుంది. వారం, రెండు వారాల్లో కాలేయం నిండా ఆ ఎంజైములే. వార్ఫరిన్, గర్భనిరోధక మాత్రలు, కొన్ని షుగర్ బిళ్లలు పనిచేసేలోపే విరిగిపోతాయి.

గర్భనిరోధక మాత్రలు వేసుకునే స్త్రీలకు రిఫాంపిసిన్‌తో నెలసరి గతి తప్పుతోందని జర్మనీ వైద్యులు 1971లోనే రాశారు. అందుకు కారణమైన పీఎక్స్ఆర్ దొరికింది మాత్రం 1998లో. ప్రయోగశాల ఎలుకలను నమ్ముకుంటే ఇక్కడ దారి తప్పినట్టే: వాటి పీఎక్స్ఆర్‌ను రిఫాంపిసిన్ దాదాపు కదిలించలేదు, మనిషిదాన్ని కుదిపేస్తుంది.

ఇక వార్ఫరిన్ సంగతి. ఎంజైములు పెరిగితే ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చెప్పే కొలత) పడిపోతుంది, కవాటం మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం. డాక్టరు డోసును రెండింతలు, మూడింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పెంచుతారు. ఆర్నెల్లకు రిఫాంపిసిన్ ఆగిపోతుంది. అదనపు ఎంజైములు ఇక పుట్టవు, పెరిగినవి కొన్ని వారాల్లో తరిగిపోతాయి. పెంచిన డోసు మాత్రం అలాగే ఉంటుంది! దాంతో ఐఎన్‌ఆర్ మరీ పెరిగిపోతుంది: చిగుళ్లలో రక్తం, నల్లటి విరేచనం, ఒక్కోసారి మెదడులో రక్తస్రావం. ఆ రోజు మందుల చీటీ తీసి చూస్తే వార్ఫరిన్ ఒక్కటే కనిపిస్తుంది. చీటీలో తప్పేమీ లేదు, అయినా అందులో అసలు విషయం లేదు.

నన్ను బాధపెట్టేది, ఈ సమాచారం ఎక్కడా లేకపోవడం కాదు. రిఫాంపిసిన్ షెడ్యూల్ హెచ్1 మందు. 2014 మార్చి నుంచి మందుల షాపువాళ్లు రోగి పేరు, డాక్టరు పేరు, ఇచ్చిన పరిమాణం రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. 2018 గెజిట్ ప్రకారం టీబీ రోగుల వివరాలు షాపువాళ్లూ ప్రభుత్వానికి తెలపాలి. టీబీ రోగుల వివరాలు నమోదయ్యే నిక్షయ్ పోర్టల్ ఉండనే ఉంది. కానీ టీబీ మందులు చంద్రపూర్‌లో, గుండె పరీక్ష నాగపూర్‌లోనో హైదరాబాదులోనో అయితే ఆ రిజిస్టరును ఇంకో డాక్టరు ఎప్పుడు చూస్తారు? వార్ఫరిన్ కట్టిచ్చే ఫార్మసిస్టు “ఈ మధ్య ఏ మందైనా ఆపారా?” అని అడిగి, డాక్టరుకు ఒక ఫోన్ చేస్తే చాలు. ఆ ప్రశ్న వేసే కౌంటర్లు బహు తక్కువ.

కాబట్టి ఆ పాఠకుడికి నా మాట: నాన్నగారి చీటీ మీద రిఫాంపిసిన్ ఆపిన తేదీ ఈవేళే రాయించండి. గుండె డాక్టరుకు చెప్పి, కొన్ని వారాలపాటు ఐఎన్‌ఆర్ తరచుగా చేయించండి. డోసు మాత్రం మీ అంతట మీరు తగ్గించకండి.