ఉల్టా దబాయింపుకు ఇంగ్లీషులో ఒక మాట

ఇంగ్లీషులో ఎఫ్రంటరీ అనే మాట అరుదుగా వినిపిస్తుంది. సిగ్గులేనితనం అని అర్థం చెప్పుకుంటే సగమే చెప్పినట్టు. దీని లాటిన్ మూలానికి ‘నుదురు లేని’ అని అర్థం చెబుతారు. సిగ్గు మొహంలోనే కదా బయటపడేది! తప్పు చేస్తే మొహం చెల్లదంటాం మనం. ఏం చేసినా మొహం చెల్లేవాడి తీరు ఎఫ్రంటరీ. సంగారెడ్డి వైపు దాన్నే ఉల్టా దబాయింపు అంటారు.

అక్కడి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం కంపెనీల మధ్య నుంచి సాగే నక్కవాగు మంజీరలో కలుస్తుంది. రాత్రిపూట ట్యాంకరుతో రసాయనాలు తెచ్చి వాగులో వదిలేవాడు నేరస్తుడే. కానీ చీకటి పడేదాకా ఆగాడు. ఎవరైనా చూస్తారన్న జంకు ఇంకా మిగిలింది. తెల్లారాక అదే గట్టు మీద నిలబడి, చేను పోయిన రైతును ‘రుజువేది? మీ పిల్లలకు నౌకరీలిచ్చింది మేం కాదా?’ అని గద్దించాడనుకోండి, ఎఫ్రంటరీ అక్కడ మొదలవుతుంది. చేసిన తప్పు కంటే, చేశాక ఎదుటివాడి ముందు నిలబడే తీరును పట్టిస్తుందీ మాట. నేరం కంటే నాకు ఎక్కువ కోపం తెప్పించేదీ అదే.

రుజువులు లేక కాదు. 1990లోనే ఈ కాలుష్యంపై సుప్రీంకోర్టులో కేసు పడింది. స్థానిక వైద్యుడు డాక్టర్ కిషన్‌రావు ఏళ్ల తరబడి పోరాడారు. కంపెనీల మురుగును శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం వచ్చింది. అప్పట్లో సుమారు 90 మందుల కంపెనీల మురుగు చేరే ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. ఆ మందు వాడే రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అదీ శుద్ధి అయిన నీటిలో! ఇలాంటి కేంద్రాల్లో మురుగును తినేది బ్యాక్టీరియా. వచ్చే మురుగులో ఉన్నది బ్యాక్టీరియాను చంపే మందు. చావకుండా తట్టుకున్న క్రిములు మందులకు లొంగనివిగా మారే ముప్పు వాగుతో ఆగదు, ఆసుపత్రుల దాకా వస్తుంది.

మురుగులో యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో చెప్పే పరిమితులను కేంద్ర ప్రభుత్వం 2020 జనవరి ముసాయిదాలో పెట్టింది. 2021లో వచ్చిన తుది నిబంధనల్లో అవి లేవు. పరిమితే లేనప్పుడు, నీటిలో ఎంత మందు కలిసినా ‘మేం నిబంధనలు పాటిస్తున్నాం’ అనొచ్చు. అందులో అబద్ధమూ ఉండదు. ఆ మాటను పట్టపగలు, వాగు నీళ్లతో బతకాల్సినవాళ్ల ముందే, కళ్లలోకి చూస్తూ చెప్పగలగడాన్ని ఎఫ్రంటరీ అనే అనాలి.