పంచాయతీ వైఫై అందరికిని అందవలెను

పంచాయతీ కార్యాలయములోని వైఫై ఊరివారి ఫోనులకు కనిపించుచున్నది. అమెరికాలోనున్న కుమారుడు తెచ్చి తల్లికిచ్చిన ఫోనులో మాత్రము దాని పేరే కానరాకపోవచ్చును. అంతమాత్రమున ఫోను చెడినదని తలపరాదు.

వైఫై రేడియో తరంగములపై నడచును. 2.4 గిగాహెర్ట్జ్ శ్రేణిలో దానికి ఛానళ్లను దారులు కలవు. ఏ దారి వాడవచ్చునో ఆయా దేశముల ప్రభుత్వములు నిర్ణయించును. మన దేశములో 2005 నాటి నియమములను బట్టి 2400 నుండి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు తక్కువ శక్తి గల సాధనములకు లైసెన్సు అక్కరలేదు. 1 మొదలు 13 వరకు గల ఛానళ్లు ఇందులో ఇముడును. అమెరికాలోనో, పైనున్న తరంగములకు అంతరాయము కలుగకుండుటకై పరిమితులు కఠినముగా నున్నవి. కావున అచ్చట అమ్ముడగు సాధనములు సాధారణముగా 11వ ఛానలుతో ఆగును. మన రౌటరు 12 లేక 13పై నున్నచో అట్టి ఫోనులు దానిని గుర్తింపలేవు.

ఇందుకు ఫోను మరమ్మతునకై డబ్బు వ్యయము చేయనక్కరలేదు. రౌటరును అమర్చినవారిచే ఛానలును 1, 6, 11 లలో ఒకదానికి మార్పించిన చాలును. ఛానళ్ల నడుమ ఎడము 5 మెగాహెర్ట్జ్ మాత్రమే. వైఫై సుమారు 20 ఆక్రమించును. ఈ మూడు దారులు ఒకదానిపై నొకటి పడవు. ప్రక్కనున్న పాఠశాలలో వైఫై ఉన్నచో, దానికొకటి, పంచాయతీకి వేరొకటి ఎంచుకొనుట మేలు.

ఊరందరి సొమ్ముతో ఏర్పడిన సౌకర్యము ఏ ఒక్క ఇంటికిని దూరము కారాదు. సభ్యులు ఒకమారు తమ రౌటరు ఛానలును విచారింపవలెనని మా మనవి.