వరస కలిసిన మాట

బాల్టిక్ సముద్రం ఒడ్డున లాత్వియా అని ఒక చిన్న దేశం ఉందర్రా. రాజధాని రీగా. మన తెలుగు పిల్లలు కూడా కొందరు పైచదువులకి అక్కడికి వెళ్తున్నారు. ఆ దేశపు భాష లాత్వియన్. దాన్ని సొంత భాషగా మాట్లాడేవాళ్లు సుమారు 15 లక్షలమంది. ఒకప్పుడు ఆ సముద్ర తీరాన బాల్టిక్ భాషలు ఇంకొన్ని ఉండేవి. ఈనాడు బతికి ఉన్నవి లాత్వియన్, లిథువేనియన్ రెండే. ఆ లాత్వియన్‌లో పొద్దున లేచింది మొదలు అందరి నోళ్లలో నానే ఒక క్రియ గురించి ఇవాళ చెబుతాను. ఆ క్రియ "జినాత్". తెలిసి ఉండడం అని దాని అర్థం.

ముందు పలకడం నేర్చుకోండి. మొదటి అక్షరం మన "జాజి"లోని జ కాదు. "జీరో", "జీబ్రా" అన్నప్పుడు ఇంగ్లిషువాళ్ల నోట పళ్ల సందున జుమ్మని వినిపిస్తుందే, ఆ ధ్వని. దాన్ని మనం "జీరో జ" అందాం. ఊనిక కూడా మొదటి అక్షరం మీదే. లాత్వియన్‌లో దాదాపు అన్ని మాటలకీ అంతే.

"ఎస్ జిను" అంటే నాకు తెలుసు. ముందు "నె" చేరిస్తే "నెజిను", అంటే తెలియదు. "కస్ తువో లై జిన" అంటే "ఏమో, ఎవరికి తెలుసు!" అని.

ఇక వాడుకలో కాస్త తమాషా ఉంది. రీగాకి వెళ్లే బస్సు ఎన్నింటికో తెలిస్తే జినాత్ వాడాలి. ఒక మనిషి తెలుసు అనాలంటే జినాత్ పనికిరాదు, "పజీత్" అనాలి. ఈత వచ్చు అనాలంటే "ప్రస్త్" అని మరో క్రియ. ఇంగ్లిషుకి అలవాటు పడ్డవాళ్లు ఇక్కడ తికమకపడతారు గానీ మనకి కష్టం లేదు. విషయం తెలుసు, మనిషిని ఎరుగుదును, ఈత వచ్చు అని మనం మూడూ వేరువేరుగా అంటూనే ఉన్నాం.

ఇంకోటి వినండి. "మన్ యాజిన" అంటే నాకు తెలియాలి. ఈ "మన్" అంటే నాకు. మన తెలుగులాగే తెలియాల్సిన మనిషిని చతుర్థిలో పెట్టారు. పరాయివాళ్లు చెప్పగా విన్న సంగతి అయితే క్రియ రూపమే మారి "జినువోత్" అవుతుంది. "ఆయనకి తెలుసట" అన్నప్పుడు మనం తగిలించే "అట" ఏ పని చేస్తుందో అదే పని.

ఇదంతా చూసి తెలుగుకీ లాత్వియన్‌కీ చుట్టరికం ఉందని ఎగిరి గంతేయకండి. అసలు సైన్సు ఇక్కడే మొదలవుతుంది.

పెళ్లిలో ఎవరో కనిపిస్తారు. ముక్కు మన మేనత్త ముక్కులాగే ఉంటుంది. అంతమాత్రాన ఆవిడ మేనత్త అయిపోదు, వరస కలవాలి. మాటలకీ అంతే. ఈనాటి గ్రీకులో మంచినీళ్లని "నెరో" అంటారు. మన "నీరు"కి ఎంత దగ్గరగా ఉందో చూశారా! కానీ ఆ నెరో పాత గ్రీకులో "తాజా నీళ్లు" అనే మాటలోని "తాజా" నుంచి వచ్చింది. మన నీరు ద్రావిడ భాషల ఆస్తి. రెంటికీ చుట్టరికం ఏమీ లేదు.

జినాత్‌ని సంస్కృతంలోని "జ్ఞా" ధాతువుతో కలిపినప్పుడు పండితులు పోలికతో సరిపెట్టుకోలేదు, వరస చూశారు. మనమూ చూద్దాం. లాత్వియన్‌లో పన్ను "జువోబ్స్". సంస్కృతంలో పంటికి ఉన్న పేర్లలో ఒకటి "జంభ". జినాత్‌లోలాగే ఇక్కడా జీరో జకి ఎదురుగా జ నిలబడింది. బాగుంది. కానీ గూస్ అనే పెద్ద బాతుని లాత్వియన్లు "జువోస్" అంటారు. దానికి జత "హంస". చలికాలం "జియెమ". దానికి జత "హిమం", "హేమంతం". ఇక్కడ జీరో జకి ఎదురుగా హ వచ్చింది. మరి సూత్రం తప్పినట్టేనా?

తప్పలేదు. సంస్కృతం, లాత్వియన్, ఇంగ్లిషు అన్నీ పుట్టిన పాత మూలభాషలో ఈ చోట రెండు హల్లులు ఉండేవి, ఒకటి అల్పప్రాణం, ఒకటి మహాప్రాణం. సంస్కృతంలో అల్పప్రాణం జ అయింది, మహాప్రాణం హ అయింది. బాల్టిక్ భాషలు ఒత్తు పలకడం మానేశాయి కాబట్టి అక్కడ రెండూ ఒకటైపోయాయి. జంభలో భ ఉన్నచోట జువోబ్స్‌లో బ ఉంది గమనించారా? అదీ ఒత్తు పోయినందువల్లే.

సాక్ష్యానికి ఇంగ్లిషుని పిలుద్దాం. తెలుసు అనే అర్థంలో వాళ్ల "నో"కి మొదట్లో కె రాస్తారు, ఇప్పుడు పలకరు. పూర్వం పలికేవారు. జంభకి జత వాళ్ల "కోమ్", అంటే దువ్వెన. దువ్వెనకి పళ్లుంటాయి కదా! రెండు చోట్లా క. హంసకి జత "గూస్", ఇక్కడ గ. సంస్కృతంలో జ ఉన్నచోట క, హ ఉన్నచోట గ. లాత్వియన్ కలిపేసిన రెంటినీ ఇంగ్లిషు విడిగానే దాచింది.

ఇంకొంచెం దగ్గరికి వచ్చి చూడండి. జంభలోని "అం", హంసలోని "అం" లాత్వియన్‌లో రెండు చోట్లా "వో" అయ్యాయి. జినాత్‌లోని "జిన్" పజీత్‌లో "జీ" అయింది. హల్లు ముందు నకారం పోయి అచ్చు సాగింది. వరస కలవడం అంటే ఇదీ!

ఈ ధ్వని సూత్రాలకి మినహాయింపు లేదని 1876లో గట్టిగా చెప్పినవాడు జర్మన్ పండితుడు ఆగుస్ట్ లెస్కీన్. బాల్టిక్, స్లావిక్ భాషల మీద పనిచేసినవాడే. లాత్వియన్ మాటల్ని కార్లిస్ మీలెన్‌బహ్స్ పోగుచేస్తూ 1916లో కన్నుమూస్తే, యానిస్ ఎండ్జెలీన్స్ ఆ పనిని అందుకుని పెద్ద నిఘంటువుగా పూర్తిచేశాడు.

మరి మన తెలుగు సంగతి? జ్ఞానం, విజ్ఞానం, ప్రజ్ఞ మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలు. వాటి ద్వారా జినాత్ మనకి దూరపు చుట్టం. "తెలుసు" మాత్రం మన ఇంటి బిడ్డ. తెలివి, తేట, తెల్లం అన్నీ ఆ కుదురువే. తమిళంలో దాని తోబుట్టువు "తెళి". తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, దక్షిణాది భాషలది వేరే కుటుంబమని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే పండితుడు 1816లోనే చూపించాడు. క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి పెట్టిన ముందుమాటలో, తెలుగు ధాతువుల్నే సాక్ష్యంగా నిలబెట్టి చూపించాడు. తెలుగువాళ్లుగా మనం మరిచిపోకూడని సంగతి ఇది.

జినాత్ సంతానం కూడా పెద్దదే. "జిన్య" అంటే కబురు. దాని బహువచనం "జిన్యస్" టీవీలో వార్తలకి పేరు. "సిర్ద్స్" అంటే గుండె, "అప్జిన్య" అంటే ఎరుక. రెండూ కలిపితే "సిర్ద్సప్జిన్య", అంటే అంతరాత్మ. 19వ శతాబ్దంలో లాత్వియన్‌కి చదువుల భాషగా బలం చేకూర్చాలని అతిస్ క్రోన్‌వాల్డ్స్ అనే బడిపంతులు ఎన్నో కొత్త మాటలు కట్టాడు. సైన్సుకి ఆయన ఇచ్చిన పేరు "జినాత్నె". జ్ఞా నుంచి మన విజ్ఞానం, జినాత్ నుంచి వాళ్ల జినాత్నె. అక్కడి వైజ్ఞానిక అకాడమీ పేరులో ఉన్నదీ ఆ మాటే. ఉన్న ధాతువుతోనే కొత్త చదువుకి పేరు పెట్టుకోగలిగిన భాష ఏ చదువుకీ చాలకపోదు.

ఇప్పుడు మీకో లెక్క ఇస్తాను. లాత్వియన్‌లో పది "దెస్మిత్", వంద "సిమ్త్స్", కుక్క "సున్స్". సంస్కృతంలో దశ, శతం, శ్వానం. మూడు జతలూ కాగితం మీద పక్కపక్కన రాసి, శ ఉన్నచోట అక్కడ ఏముందో మీరే పట్టుకోండి. దొరికాక వరస కలిసే నాలుగో జత కోసం వెతకండి.