వార్తల్లో పదం: డిరాక్ ప్లాస్మాన్

లోపల విద్యుత్తును పారనివ్వకుండా, పైపొరలో మాత్రం లోహంలా ప్రవహించనిచ్చే పదార్థం టోపోలాజికల్ ఇన్సులేటర్. ఆ పైపొరలోని ఎలక్ట్రాన్లు కలిసికట్టుగా, నిండు చెరువు మీది అలలా ఊగితే అదే డిరాక్ ప్లాస్మాన్.

నున్నటి ఉపరితలంపై నేరుగా పడిన కాంతి ఈ అలను లేపలేదు. ఆ రెండింటి ద్రవ్యవేగాలు కలవవు. అందుకే 2013లో రోమ్ సపియెంజా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల బృందం బిస్మత్ సెలెనైడ్ పొరను మైక్రాన్ల వెడల్పు పట్టీలుగా చెక్కి, టెరాహెర్ట్జ్ కిరణాలతో ఆ అలను పట్టుకుంది. ఇందులో నాకు ముచ్చటేసే సంగతి, పట్టీ వెడల్పు నాలుగింతలైతే అల పౌనఃపున్యం సగమవుతుంది. అంటే చెక్కుడుతోనే శ్రుతి చేసుకోవచ్చు.

అమరావతి క్వాంటమ్ వ్యాలీ వార్తలు చదివే ఇంటర్ విద్యార్థులు ఈ పదాన్ని గుర్తుంచుకోవాలి. సూక్ష్మమైన టెరాహెర్ట్జ్ సెన్సర్లకు ఇది దారి కావచ్చు. ప్రస్తుతానికి పని ఎక్కువగా ప్రయోగశాలల్లోనే సాగుతోంది.