అన్నం చేసిన నేరమేమిటి?

మా మిత్రుల అమ్మాయికి పి.సి.ఓ.ఎస్. అని తేలిన నాటి నుండి ఆ ఇంట అన్నం నిషిద్ధమైంది. పిల్ల పూట తిని పూట మానుతోంది. నేను వైద్యురాలిని కాను; రసాయన శాస్త్రం నా వృత్తి. పిండిపదార్థం చిరపరిచితం గనుక ఈ నాలుగు మాటలు.

1935లో షికాగో వైద్యులు స్టైన్, లెవెంతాల్ ఏడుగురు స్త్రీలలో ఈ రుగ్మతను వర్ణించారు. అండాశయంలో కనబడేవి నిజానికి తిత్తులు కావు, ఎదుగుదల మధ్యలో ఆగిన అండపుటికలు. ఈ రుగ్మత గల చాలామందిలో ఇన్సులిన్ ఆజ్ఞను కణాలు సరిగా పాటించవు. అందుచేత క్లోమం మరింత ఇన్సులిన్‌ను స్రవిస్తుంది. ఆ అధిక ఇన్సులిన్ అండాశయం చేత పురుష హార్మోన్లను ఎక్కువగా తయారు చేయిస్తుంది. రక్తంలో వాటిని పట్టి ఉంచే ప్రోటీనును కాలేయం తక్కువగా తయారుచేసేలా చేస్తుంది. నెలసరి తప్పడానికీ, ముఖాన రోమాలకూ మూలం చాలావరకు ఇక్కడే ఉంది.

బియ్యపు పిండిపదార్థంలో అమైలోజ్, అమైలోపెక్టిన్ అని రెండు భాగాలు. శాఖలుగా చీలిన రెండవది త్వరగా జీర్ణమవుతుంది. అమైలోజ్ హెచ్చుగా గల బియ్యం కొంత నిదానిస్తుంది. అయితే అసలు చిక్కు బియ్యంలో కన్నా మన కంచంలో ఉంది: కొండంత అన్నం, నంజుకోవడానికి కూర! ఆ పాళ్ళు తిరగవేసి పప్పు, తోటకూర, బీరకాయ, పెరుగు పెంచితే చక్కెర రక్తంలోకి మెల్లగా చేరుతుంది. ఫలానా ఆహారవిధానమే శ్రేష్ఠమని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా చెప్పలేదు.

మొన్న ఆ అమ్మాయి మా ఇంట గోంగూర పప్పుతో రెండు ముద్దలు తిన్నది. వాళ్ళమ్మ చూసి కూడా ఏమీ అనలేదు.